లోచూపు ఎంతవరకు నిజం చెబుతుంది?

మీరు సూరత్ బట్టల మార్కెట్‌లో ఒక దుకాణంలో కూర్చున్నారనుకోండి. వ్యాపారి నాలుగు చీరలు మీ ముందు పరిచాడు. మీరు ఒకటి ఎంచుకున్నారు. ఎందుకని అడిగితే "మెత్తగా ఉంది, నేత బాగుంది" అంటారు. అసలు కారణం అదేనా? తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్ళిన నేత కుటుంబాలెన్నో మరమగ్గాలు నడిపే నగరమది. అక్కడ ఇది బట్టల ప్రశ్నలా కనిపించవచ్చు. కాని ఇది మనసుకు సంబంధించిన ప్రశ్న.

1977లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ ఒక ప్రయోగాన్ని వివరించారు. నాలుగు జతల నైలాన్ మేజోళ్ళను వరసగా పెట్టి, ఏది మేలైనదో చెప్పమని జనాన్ని అడిగారు. నిజానికి నాలుగూ ఒకే రకం! అయినా ఎడమ చివరి జత కంటే కుడి చివరి జతను ఎంచుకున్నవారు దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. కారణం అడిగితే ఒక్కరూ వరసలోని స్థానాన్ని చెప్పలేదు. స్థానం ప్రభావం ఉందేమోనని అడిగినా దాదాపు అందరూ కాదన్నారు.

అయితే మన లోచూపు పూర్తిగా గుడ్డిదా? అలా తేల్చడం తొందరపాటు. 1980లో ఆండర్స్ ఎరిక్సన్, హెర్బర్ట్ సైమన్ దీనికి దీటైన సమాధానమిచ్చారు. ఒక లెక్క చేస్తూ ఆ క్షణంలో మనసులో ఉన్నదాన్ని పైకి చెబితే ఆ మాటను నమ్మవచ్చు. పని ముగిశాక 'ఎందుకు చేశావు?' అని అడిగితే వచ్చే జవాబు చాలాసార్లు ఊహే. ఈ తేడా గుర్తుంచుకోండి.

2003 అక్టోబర్ 15న, తన పుట్టినరోజునాడు, అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ఇదే సూరత్‌లో జైనాచార్యుడు మహాప్రజ్ఞతోను, వివిధ మతాల పెద్దలతోను సమావేశమయ్యారు. మహాప్రజ్ఞ బోధించిన ధ్యానం పేరు 'ప్రేక్ష', అంటే లోతుగా చూడడం. ఫోన్ వచ్చాక అలా చూసే ఓపిక మనలో పోయిందని ఇప్పుడు చాలామంది అంటున్నారు. దీనికి రుజువుగా విల్సన్ బృందం 2014లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన ప్రయోగాన్ని చూపుతారు. ఖాళీ గదిలో 15 నిమిషాలు ఒంటరిగా ఆలోచిస్తూ కూర్చోమంటే, 18 మంది పురుషుల్లో 12 మంది, 24 మంది స్త్రీలలో ఆరుగురు తమకు తామే కరెంటు షాక్ ఇచ్చుకున్నారు!

ఇక్కడే జాగ్రత్తగా చదవాలి. మొదటిది, 42 మందిని చూసి మనుషులందరి గురించి తీర్పు చెప్పలేం. రెండవది, షాక్ కొట్టించుకోవడానికి కారణం విసుగు కావచ్చు, కుతూహలమూ కావచ్చు. మూడవది ముఖ్యమైనది: ఆలోచనలో కలిగిన ఆనందానికీ, స్మార్ట్ ఫోన్ వాడకానికీ సంబంధం కనిపించలేదని అదే పత్రంలో ఉంది! దాన్ని రుజువుగా చూపేవారు ఈ వాక్యం చదివినట్లు లేదు. పైగా 2022లో జపాన్‌కు చెందిన అయా హతానో బృందం ప్రచురించిన ప్రయోగాల్లో, ఊరికే కూర్చుని ఆలోచించడం తాము అనుకున్నదానికంటే బాగుందని పాల్గొన్నవారు చెప్పారు.

మరి ఫోన్ నిర్దోషా? కాదు. అది ఆలోచనను చంపుతోందన్న దానికంటే, మేజోళ్ళను వరసలో పేర్చే పని దాని చేతికి పోయిందన్నది గట్టి ఆరోపణ. తెరపై ఏది ముందుండాలో ఒక ప్రోగ్రాం నిర్ణయిస్తుంది. మనం దాన్ని నొక్కి, 'నాకిష్టం కనుక చూశాను' అంటాం.

మీరే పరీక్షించి చూడండి. ఒకే రకం చేతిరుమాళ్ళు నాలుగు వరసగా పెట్టి, 20 మంది మిత్రులను ఒక్కొక్కరిగా పిలిచి మేలైనది ఎంచుకోమనండి. కారణాలు రాసుకోండి. తరువాత ఫోన్ పక్కగదిలో పెట్టి 15 నిమిషాలు కూర్చోండి. ఎంత విసుగు పుడుతుందో ముందే పదికి ఇన్నని అంకె వేసుకోండి, లేచాక మళ్ళీ వేయండి. ఆ రెండు అంకెల మధ్య తేడా, మిమ్మల్ని మీరు ఎంత ఎరుగుదురో కొంతైనా చెబుతుంది.