అల్యూమినియము మెత్తనిదేనా? డ్రిల్లింగు పట్టికలపై ఒక విమర్శ

కార్ఖానా పనిని బోధించు పుస్తకములలో డ్రిల్లు వేగములను తెలుపు పట్టిక యొకటి సాధారణముగా నుండును. అందులో ఇనుము జాతికి నాలుగైదు వరుసలు కేటాయింతురు; మెత్తని ఉక్కు, కర్బనము హెచ్చుగా గల ఉక్కు, పోత ఇనుము అని వేరుచేసి చూపుదురు. అట్టడుగున "అల్యూమినియము" అని ఒకే వరుస, దాని కెదురుగా ఒక పెద్ద వేగము. ఈ వరుసను చదివిన విద్యార్థి, అల్యూమినియము మెత్తనిది కనుక దానిని తొలచుట సులభమని నమ్మును. ఇందులో మొదటి మాట సగమే నిజము. రెండవది మొదటి దానినుండి రానేరాదు.

మెత్తదనమే ఒక చిక్కు. లేత బెల్లమును కత్తితో కోయబోయినచో అది కత్తికి అంటుకొని సాగును. ముదురు పాకపు అచ్చు పెళుక్కున విరిగి వచ్చును. శుద్ధ అల్యూమినియము లేత బెల్లము వంటిది. ఒత్తిడికి, వేడికి అది డ్రిల్లు అంచున అతుకుకొని గడ్డగా పేరుకొనును. అప్పుడు కోయునది డ్రిల్లు అంచు కాదు, ఆ గడ్డ. బెజ్జము గరుకుగా తయారగును. సాగిన తురుము డ్రిల్లు గాళ్ళలో ఇరుకుకొని, తుదకు డ్రిల్లే విరుగును. దీనికి మూడు నాలుగు శాతము రాగి కలిపినచో లోహము బిగువెక్కును, తురుము పొట్టి ముక్కలుగా తెగును. మెగ్నీషియము గల పోతలను వేడిచేసి, నీట ముంచి, మరల సన్నని వేడిలో నుంచి గట్టిపరచినను ఇట్టి మేలే కలుగును. కాఠిన్యము పెరిగినకొలది పని తేలికగుట విద్యార్థికి వింతగా తోచును గాని, కార్ఖానాలో ఇది నిత్యానుభవము.

ఇక అసలు కథ సిలికానుది. పోతపనికి సిలికాన్ లేనిదే జరుగదు. అది కరిగిన లోహమునకు పారుదల గుణము నిచ్చును. గడ్డకట్టునప్పటి కుంచనమును తగ్గించును. కాని సిలికాన్ అల్యూమినియములో కరిగి ఉండిపోదు, స్ఫటికములుగా విడివడును. ఆ స్ఫటికములు గట్టిపరచిన హైస్పీడు ఉక్కు కంటెను కఠినమైనవి. వెన్నలో ఇసుక కలిపి నట్లన్నమాట. పైగా శాతము తెలిసినంతనే సరిపోదు, స్ఫటికముల ఆకారమును చూడవలెను. మామూలుగా అవి పెద్ద పలకలుగా ఏర్పడును. రవంత సోడియమును కలిపినచో అదే సిలికాన్ సన్నని నూగువలె విడివడును. ఈ ఉపాయమునకు అలడార్ పాజ్ 1921లో అమెరికాలో పేటెంటు పొందెను.

మన దేశపు పోతశాలలలో ఎల్.ఎం. 6 అను మిశ్రలోహము మిక్కిలి పరిచితమైనది. ఇందు సిలికాన్ 10 నుండి 13 శాతము. దీని బ్రినెల్ కాఠిన్యము సుమారు 50, 60 మాత్రమే. ఎల్.ఎం. 25లో సిలికాన్ 7 శాతము ప్రాంతము, కొద్దిగా మెగ్నీషియము. పూర్తిగా ఉష్ణోపచారము చేసినచో కాఠిన్యము 90 దాటును. కాఠిన్యపు అంకెను నమ్మినవాడు మొదటిదానినే సులువనుకొనును. కాని డ్రిల్లును త్వరగా అరగదీయునది ఎల్.ఎం. 6. మెత్తని లోహము అంటుకొనుట, గట్టి స్ఫటికములు గీరుట, రెండు దోషములును దానియందే కలవు.

సిలికాన్ సుమారు పన్నెండున్నర శాతము దాటినపుడు పరిస్థితి మరియు తీవ్రము. లోహము చల్లబడుచుండగా మొట్టమొదట సిలికానే పెద్ద స్ఫటికములుగా విడివడును. 16 నుండి 18 శాతము సిలికాన్ గల ఏ 390 అను మిశ్రలోహముతో జనరల్ మోటార్సు వారు 1970లో విడుదల చేసిన షెవ్రొలే వేగా కారు ఇంజను దిమ్మెను పోసిరి. సిలిండరులో ఇనుప తొడుగు లేదు. పిస్టను రాపిడిని ఆ సిలికాన్ స్ఫటికములే భరించవలెను. ఇంజనుకు వరమైన ఆ గుణమే డ్రిల్లుకు శాపము. అందుచేత ఇట్టి లోహమునకు వజ్రపు అంచుగల పనిముట్లు వాడుదురు. ఇవన్నియు పట్టికలో ఆ ఒక్క వరుసలోనే ఉన్నవి!

కొన్ని పుస్తకములు వేగమునకు తోడు "యంత్రసాధ్యతాంకము" అను అంకెను ఇచ్చును. బి 1112 అను ఉక్కును నూరుగా నెంచి తక్కిన లోహములను దానితో పోల్చుదురు. ఆ కొలత లేతుపై చెక్కుటనుండి వచ్చినది. డ్రిల్లు పని వేరు. 10 మి.మీ. డ్రిల్లు నిమిషమునకు 3000 సార్లు తిరిగినపుడు దాని అంచు వేగము నిమిషమునకు 94 మీటర్లు. నట్టనడుమ వేగము సున్న. అక్కడ డ్రిల్లు లోహమును కోయదు, ఒత్తి నెట్టును. తురుము లోతైన బెజ్జమునుండి ఎక్కిరావలెను. లేతుపై లేని ఈ కష్టములను ఆ అంకె ఎట్లు చెప్పగలదు?

ఈ అలక్ష్యము వలన నష్టపడువాడు యంత్రముకడ నిలిచిన పనివాడు. చిన్న పోతశాలలు పాతసామానును కరిగించును. ఒకనాడు పన్నెండు శాతము సిలికాన్ గల పాత పిస్టనులు, మరొకనాడు సిలికాన్ ఒక శాతమైనను లేని కిటికీ చట్రములు మూసలో పడును. ఇనుము, మాంగనీసు మితిమీరినచో గట్టి ముద్దలు కూడ ఏర్పడును. అచ్చు ఒకటే, రంగు ఒకటే. నిన్న నూరు బెజ్జములు వేసిన డ్రిల్లు నేడు పదింటికే మొద్దుబారును. పూర్తికావచ్చిన పోతలో డ్రిల్లు విరిగి ఇరుకుకొన్నచో ఆ పోత పోయినట్లే. జీతము కోతపడునది పనివానికి. పట్టిక మాత్రము గోడమీద చెక్కుచెదరక ఉండును.

పట్టికలో పోత అల్యూమినియమునకు కనీసము మూడు వరుసలైన నుండవలెను: సిలికాన్ తక్కువగా నున్నవి, పన్నెండు శాతము వరకు గలవి, అంతకు మించినవి. రాగి ఎంత, ఉష్ణోపచారము జరిగినదా అనునవి పక్కన వ్రాయవలెను. పోతతో విశ్లేషణ పత్రము రానిచోట రసాయనశాలలోని కాస్టిక్ సోడా కొంత సాయపడును. ఆకురాయితో శుభ్రపరచిన చోట ఇరువది శాతపు ద్రావణపు చుక్క నుంచి, అయిదు నిమిషములాగి కడుగవలెను. మచ్చ తెల్లగా నిలిచినచో శుద్ధలోహమో, మెగ్నీషియము గలదో అయి యుండును. బూడిదవన్నె అయినచో సిలికాన్ హెచ్చు. నల్లబడినచో రాగి గాని యశదము గాని ఉన్నది. శాతమెంతో ఇది చెప్పదు. చేతికి రబ్బరు తొడుగు, కంటికి అద్దములు లేనిదే దీనిని చేయరాదు. వెలువడు హైడ్రొజనుకడ నిప్పు ఉండరాదు.