చవుడు మిద్దెకు సిమెంటు పడదు

ఉరవకొండ, కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు పల్లెల్లో కాంక్రీటు మేడల నడుమ ఇంకా కొన్ని మట్టిమిద్దెలు నిలబడి ఉన్నాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం నేలకు ఇంతకంటే అమరిన ఇల్లు లేదు. మే నెల ఎండ మందపాటి రాతిగోడ దాటి లోపలికి వచ్చేసరికి పొద్దు వాలిపోతుంది. అలాంటి ఇళ్లను బాగు చేయించబోయి పాడు చేసుకుంటున్నారే అన్నదే నా బాధ.

మిద్దె విద్యంతా కప్పులోనే ఉంది. దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెపుల్లలో నాపబండలో పరుస్తారు. ఆపైన ఆకు, తడిమన్ను, అన్నిటికీ మీద చవుడు. పొలంలో ఉంటే పంటను ఎదగనివ్వని మన్ను అది. అందులో సోడియం ఎక్కువ కాబట్టి తడవగానే బంకరేణువులు విడివడి సందులన్నీ పూడ్చేస్తాయి. నీళ్లు కిందికి దిగవు, వాలు పట్టుకొని దోనెల్లోంచి బయటికి పోతాయి. వేసవిలో ఈ చవుడును తవ్వి తెచ్చి, పెడ్డలు చితక్కొట్టి, పలచగా పరుస్తారు. మొలిచిన గడ్డిని వేళ్లతో పీకి, ఎలుక బొక్కలు పూడుస్తారు. పాతపొర గీకకుండా ఏటా కొత్తది పోస్తూ పోతే మాత్రం బరువుకు దూలాలు వంగుతాయి. జడివానకు మిద్దె కూలితే మట్టిని తిట్టేవాళ్లు ఈ సంగతి చూడరు.

ఏటేటా ఈ పనెందుకని కొందరు చవుడు మీద సిమెంటు పోయిస్తారు. కట్టె కాలాన్ని బట్టి పెరిగి తగ్గుతుంది. సిమెంటు దానితో కదల్లేక పగులుతుంది. ఆ పగుళ్లలో దిగిన నీరు పైకి ఆరే దారిలేక దంతెలను కుళ్లబెడుతుంది. గోడకూ అంతే. మట్టి అడుసుతో కట్టిన రాతిగోడకు సిమెంటు పూస్తే నేలచెమ్మ లోపలే చిక్కుకొని అడుసును వదులు చేస్తుంది. పూయాల్సింది సున్నపుగార. ఇసుకతో గానుగలో నూరిన సున్నంలో కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు పోసేవారు. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లగా మళ్లీ సున్నపురాయి అవుతుంది, అయినా చెమ్మను బయటికి పోనిస్తుంది.

పని మొదలుపెట్టేముందు దూలం గోడలో దిగిన చోట దబ్బనం గుచ్చి చూడాలి. చెదలూ కుళ్లూ తరచు ముందు పట్టేది అక్కడే. కొన మాత్రమే చెడితే ఆ మేరకు కోసి కొత్త కట్టె అతికిస్తే చాలు, మొత్తం దూలం తీసేయక్కర్లేదు. అతుకు కనబడుతుందని రంగు పులమనూ వద్దు. మార్చిన భాగం పాతదానితో పొసగాలి, అయినా వేరుగా తెలియాలి అని పాత కట్టడాల గురించి 1964లో రాసుకున్న వెనిస్ ఒడంబడిక కూడా చెబుతుంది.

కరెంటూ స్నానాలగదీ లేకుండా ఎవరూ ఉండలేరు, ఉండమనడం న్యాయమూ కాదు. తీగలను గోడ తొలవకుండా పైపైనే గొట్టాల్లో తీయొచ్చు. స్నానాలగది పెరట్లో విడిగా కడితే ఇంటి గోడకు తడి తగలదు. వెలుతురు కోసం కప్పులో వదిలిన గవాచికి చుట్టూ గట్టు లేపి అద్దం బిగిస్తే వెలుతురు నిలుస్తుంది, వాన రాదు. నేలమీది తాడిపత్రి నల్లబండలు పెకలించి టైల్సు వేయించడం మాత్రం నాకు మింగుడుపడదు.

చవుడు వాలు చూపుతోనే పట్టగల పెద్దలు ఊళ్లలో తగ్గిపోతున్నారు. ఈ వేసవిలో మిద్దె బాగు చేయించేవారు వాళ్లతోపాటు ఒక కుర్ర మేస్త్రీని కూడా పైకి ఎక్కించాలి. కూలి ఇద్దరికీ ఇవ్వాలి.