స్టార్ కట్టని ఇంటి ముందు

డిసెంబరు వచ్చిందంటే మా తెనాలి వైపు పల్లెల్లో చర్చి యూత్ పిల్లలు క్యారల్స్‌కి లెక్కలు వేసుకుంటారు. ఏ రాత్రి ఏ వీధి, ముందు ఎవరిల్లు, టీ ఎవరింట్లో, డోలక్ ఎవరి మెడలో, కానుకల సంచి ఎవరి చేతిలో. ఇవన్నీ నవ్వుల మధ్యే తేలిపోతాయి. గొంతులు తగ్గేది ఒక్క దగ్గరే. ఈ ఏడాది మనిషి పోయిన ఇళ్లకు వెళ్లాలా, వద్దా?

వద్దనేవాళ్లది మంచి మనసే. దుఃఖంలో ఉన్నవాళ్ల గుమ్మంలో డోలక్ కొట్టి పాడటం ఏం మర్యాద అంటారు. మా వైపు ఆనవాయితీ కూడా వాళ్ల పక్షానే ఉంది. మనిషి పోయిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండగ చేయరు. పొయ్యి మీద పిండివంటల బాణలి పెట్టరు. ఇంటిమీద స్టార్ కట్టరు. పిలవబోతే గుమ్మంలోంచే చెప్పేస్తారు, "ఈ ఏడు మాకు పండగ లేదండి" అని. ఏ సంఘం పెట్టిన నియమమూ కాదిది. ఊరందరికీ, ఏ మతం వాళ్లకైనా ఉన్నదే. దాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. పోయిన మనిషి కోసం ఒక పండగను వదులుకోవడంలో ఎంతో ప్రేమ ఉంది.

అయినా వెళ్లాలనే అంటాను. ఇన్నేళ్లుగా క్యారల్స్‌కి తిరిగిన మనిషిగా, వరసలో ఆ ఇళ్లే ముందుండాలని కూడా అంటాను.

ఎందుకంటే ఇది ఇంకా క్రిస్మస్ కాదు. ఆగమన కాలం. నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య వచ్చే ఆదివారంతో మొదలై నాలుగు ఆదివారాలు నడిచే ఎదురుచూపు. లూథరన్, సీఎస్ఐ, కథోలిక సంఘాలు దీన్ని క్యాలెండరు ప్రకారం పాటిస్తాయి. చాలా బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో ఆ పట్టింపు లేదు గానీ, డిసెంబరు ఒకటిన స్టార్ ఎక్కించి రోజులు లెక్కపెట్టడం వాళ్లకూ ఉంది. చాలా చర్చిల్లో ఈ వారాల్లో బల్ల మీద ఊదా రంగు బట్ట పరుస్తారు. పశ్చాత్తాపానికీ నిరీక్షణకూ గుర్తు ఆ రంగు. ఆ ఊదా మధ్యలో, ఆదివారానికొకటిగా వెలిగే నాలుగు కొవ్వొత్తుల్లో, మూడో ఆదివారానిది ఒక్కటే గులాబీ రంగుది. అది ఆనందం కొవ్వొత్తి.

ఈ కొవ్వొత్తుల వెనక ఉన్న మనిషి నాకు ఇష్టం. 1839లో జర్మనీలోని హాంబుర్గ్ దగ్గర యోహాన్ హిన్రిక్ విషెర్న్ అనే పాస్టరు పేదపిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. పండగకు ఇంకా ఎన్ని రోజులున్నాయో పిల్లలకు తెలిసేలా ఒక చక్రం మీద కొవ్వొత్తులు అమర్చాడు. మామూలు రోజులకు చిన్నవి, ఆదివారాలకు పెద్దవి. మన చర్చిల్లో కనిపించే నాలుగు కొవ్వొత్తుల వలయం అక్కడినుంచి వచ్చిందే. ఇల్లూ వాకిలీ లేని పిల్లల చీకటి సాయంత్రాల కోసం పుట్టిన దీపాలవి.

ఆనందాన్ని చివరి ఆదివారానికి దాచకుండా, ఎదురుచూపు ఇంకా మిగిలి ఉండగానే మూడో వారంలో పెట్టడం నాకు చాలా పెద్ద విషయంగా తోస్తుంది. ఆ ఆదివారానికి ఆధారమైన మాటలు పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రికలోవి. ఆనందించండని మళ్లీ మళ్లీ చెప్పిన ఆ పత్రికను ఆయన రాసింది సంకెళ్లలో ఉండి. దుఃఖం వెళ్లిపోయాక కట్టబెట్టే బహుమానం కాదన్నమాట ఈ ఆనందం. దుఃఖం ఇంట్లోనే ఉంటుంది, పక్కనే ఇది కూడా వచ్చి కూర్చుంటుంది. అలాంటప్పుడు స్టార్ కట్టని ఇంటిని దాటేసి, స్టార్లు వెలిగే ఇళ్లకే వెళ్తే ఆగమన కాలంలో మనం మోసుకెళ్తున్నది ఏమిటి?

లూకా సువార్త మొదటి అధ్యాయం ఈ రోజుల్లో అందరం చదువుతాం. అందులో నేను ఎక్కువసేపు ఆగేది ఎలీసబెతు ఇంటి దగ్గర. పెద్ద వయసులో గర్భం వచ్చింది. ఐదు నెలలు ఎవరికీ కనపడకుండా ఇంటిపట్టునే ఉండిపోయింది. ఆమె భర్త జెకర్యా మూగబోయి ఉన్నాడు. మాటలే లేని ఇల్లది. నజరేతు నుంచి రోజుల తరబడి నడిచి మరియ వెళ్లింది ఆ ఇంటికి. ఆమె పరిస్థితి మాత్రం ఏం బాగుందని? పెళ్లి కుదిరిన పిల్ల, కాపురానికి వెళ్లకముందే కడుపుతో ఉంది. ఊళ్లో ఎవరేమంటారో తెలియదు. అయినా గుమ్మంలో నిలబడి వందనం చెప్పింది. ఆ గొంతు వినపడగానే ఎలీసబెతు కడుపులో బిడ్డ గంతులు వేశాడు.

ఆ తర్వాత మరియ పాడింది. అన్ని దేశాల సంఘాలూ ఈనాటికీ పాడుకునే కీర్తన అది. ఆ పాట ఆమెకు నజరేతులో రాలేదు. దూత వచ్చి వెళ్లినప్పుడూ రాలేదు. ఎలీసబెతు గుమ్మంలో వచ్చింది. పాటను వెంటబెట్టుకుని వెళ్లలేదు మరియ, వెళ్లాక దొరికింది. క్యారల్స్‌కి తిరిగేవాళ్లకు ఇది అనుభవమే. మన దగ్గరున్న ఆనందం వాళ్లకు పంచుతున్నామనుకుని బయల్దేరతాం. తిరిగొచ్చేటప్పుడు మన చేతిలో ఉన్నది వాళ్లిచ్చిందే.

1943 నవంబరులో బెర్లిన్‌లోని టేగెల్ జైల్లోంచి డీట్రిష్ బాన్‌హోఫర్ తన స్నేహితుడికి ఒక ఉత్తరం రాశాడు. హిట్లర్‌ను ఎదిరించి ఖైదైన పాస్టరు ఆయన. జైలు గదిలో మనిషి ఎదురుచూస్తాడు, ఆశపడతాడు, ఏవో చిన్న పనులు చేసుకుంటాడు, తలుపు మాత్రం బయటి నుంచే తెరుచుకోవాలి, ఆగమన కాలానికి ఇది సరిపోయే పోలికే అన్నది ఆ ఉత్తరంలోని భావం. ఆయనకు ఆ తలుపు తెరుచుకోలేదు. 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు. ఆ ఉత్తరం సంగతి చదివినప్పటి నుంచీ రాత్రిపూట తలుపు వేసి ఉన్న ఇళ్లను చూస్తే నాకు ఆయనే గుర్తొస్తాడు. లోపలున్నవాళ్లు తమంతట తాము సంతోషం పుట్టించుకోలేరు. ఎవరో ఒకరు బయటి నుంచి రావాలి.

అయితే ఎలా వెళ్లాలన్నది నేర్చుకోవాల్సిన పని. ముందురోజు పగటిపూట ఇద్దరు పెద్దవాళ్లు వెళ్లి చెప్పి రావాలి. "రేపు రాత్రి వస్తామమ్మా, ఒక్క పాట పాడి వెళ్తాం, తలుపు తీయకపోయినా ఏమీ అనుకోం" అని. క్రిస్మస్ తాత వేషం వేసుకున్న కుర్రాణ్ణి వీధి మొదట్లోనే ఆపాలి. కానుకల సంచి లోపలికి రాకూడదు. డోలక్, కంజీర కాస్త వెనక ఉండాలి. కొత్త సినిమా బాణీల్లో కట్టిన పాటలు మంచివే, ఆ గుమ్మంలో కాదు. అక్కడికి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే సరి. ఆ పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి వంటి పందొమ్మిదో శతాబ్దపు వాగ్గేయకారులు మన సంగీతంలోనే కూర్చిన పాటలవి. ఏడుపు గొంతులో ఉన్నవాళ్లు కూడా కలిసి పాడగలిగేంత నెమ్మది వాటిలో ఉంది.

ప్రార్థన చిన్నది చాలు. అందులో పోయిన మనిషి పేరు పలకాలి. పేరు ఎత్తితే బాధపడతారని చాలామంది తప్పించుకుంటారు. ఆ ఇంట్లో వాళ్లు రోజంతా తలుచుకునే పేరు అదే. ఇంకొకరి నోట వినాలని వాళ్లకు ఎంత ఉంటుందో పేరు పలికి చూస్తే తెలుస్తుంది. దేవుని చిత్తం అనీ, ఇక ఏడవకూడదనీ చెప్పడం మన పని కాదు. ఆదరణ కూడికలో అవన్నీ వాళ్లు విన్నారు. పొయ్యి మీద బాణలి పెట్టని ఇల్లు కనుక ఒక డబ్బాలో కజ్జికాయలో, జంతికలో, గులాబీ పువ్వులో పట్టుకెళ్లి అరుగు మీద పెట్టి రావాలి.

పోయినేడు ఇవన్నీ పాటిస్తూనే ఒకింటికి వెళ్లాం. ఆ ఇంటావిడ నాకు వదిన వరస. ఆ వానాకాలంలో మా అన్నయ్య ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. మినుములు చల్లే రోజులు, వరి కోతలు దగ్గరపడ్డాయి, చేలో పని అంతా ఆమె మీదే పడింది. అలిసిపోయి పడుకునే ఉంటుందనుకున్నాం. మెల్లగా మొదలుపెట్టాం. రెండో చరణంలో తలుపు తెరుచుకుంది. గడప మీద నిలబడి పిల్లల వంక చూసి, "డోలక్ ఏదిరా? ఆయనకి డోలక్ లేకుండా పాడితే ఎంత కోపమో తెలీదూ?" అంది. వెనక ఉంచిన డోలక్ కోసం ఒక కుర్రాడు పరుగెత్తాడు. అది వచ్చేదాకా మమ్మల్ని ఆపింది. తర్వాత పల్లవి తనే ఎత్తుకుంది. ఏడుస్తూ పాడింది, పాడుతూ నవ్వింది, చిన్నవాడు తాళం తప్పితే చెయ్యి ఊపుతూ సరిచేసింది. పక్కింటి వాళ్లు బయటికొచ్చి నిలబడ్డారు. స్టార్ మాత్రం కట్టలేదు. కట్టమని మేమూ అడగలేదు. నేను చెప్పిన పద్ధతులన్నీ గుమ్మం దాకానే. గుమ్మం దగ్గర ఆ ఇల్లు ఏం అడిగితే అది.

దూరమూ ఒక మూసిన తలుపే. కోనసీమ నుంచి, కడప నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు ఎందరో. అక్కడ వారాంతపు సెలవు శుక్రవారం కనుక చర్చికి వెళ్లగలిగేదీ ఆ రోజే. అదీ యజమానులు పంపితేనే. మా పాటలవాళ్లు మా ఊళ్లోని అలాంటి ఒకింటికి వెళ్లినప్పుడు తల్లి ఫోన్లో వీడియో కాల్ పెట్టి మా వైపు తిప్పుతుంది. మనకు రాత్రి పది అయితే అక్కడ ఏడున్నర, వంటింట్లో ఊపిరి సలపని వేళ. కూతురు ఫోన్‌ను గిన్నెల పక్కన నిలబెట్టుకుని, చేతులు పనిలో ఉండగానే పెదాలు కదుపుతుంది. ఆ ఫోన్ వెలుగు కోసం పిల్లలు ఇంకో పాట ఎత్తుకుంటారు, ఎవరూ చెప్పక్కర్లేదు.

డిసెంబరు పదహారు దాటాక మా ఊళ్లో ఇంకో సొగసు కలుస్తుంది. ధనుర్మాసం మొదలవుతుంది. రాత్రి మేం పాడి వెళ్లిన వీధుల్లోనే తెల్లవారకముందు హరిదాసు చిడతలు మోగుతాయి. ఇంటింటికీ పాట మోసుకెళ్లడం ఈ నేల మీద ఎవరికీ కొత్త కాదు. అందుకే కాబోలు, మా క్యారల్స్‌కి చర్చికి రాని ఇళ్లు కూడా తలుపులు తీస్తాయి, టీ పెడతాయి.

హైదరాబాదు అపార్టుమెంట్లలో ఉన్నవాళ్లు మాకు ఇవన్నీ ఎక్కడ కుదురుతాయంటారు. డోలక్ కుదరకపోవచ్చు. పై అంతస్తులో ఒంటరిగా ఉన్న పెద్దాయన తలుపు కొట్టడానికి, రాత్రి డ్యూటీలో ఉన్న వాచ్‌మన్‌కి ఒక పళ్లెం ఇచ్చి నాలుగు మాటలు మాట్లాడటానికి ఏమీ అడ్డు రాదు. సెమీ క్రిస్మస్‌లంటూ నెల మొదటినుంచే కోస్తున్న కేకుల్లో కొన్ని ముక్కలు ఆ తలుపుల దాకా వెళ్తే చాలు.

ఒక్క రాత్రి పాడి వచ్చేస్తే సరిపోదు. మరియ ఆ ఇంట్లో ఇంచుమించు మూడు నెలలు ఉందని రాశాడు లూకా. దుఃఖంలో ఉన్న ఇళ్లకు అసలు కష్టం పండగ అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయాక మొదలవుతుంది. మా స్త్రీల సమాజం వాళ్లు జనవరిలో గృహ కూడికలు ఆ ఇళ్లలోనే పెడుతున్నారు. మొన్న జనవరిలో వదిన ఇంట్లో జరిగిన కూడికకు టీ తనే పెట్టింది. ఈ డిసెంబరులో క్యారల్స్‌కి మాతో వస్తోంది. మనిషి పోయిన ఇళ్లకు ముందురోజు వెళ్లి కబురు చెప్పి వచ్చే పని ఈసారి ఆమెది.