కరాచీ దుకాణాల మీద అరబ్బీ బోర్డులు

‘కరాచీ’ అనే పేరును అరబ్బీ అక్షరాలతో ఉన్నదున్నట్టు రాయలేరు. అందులోని ‘చే’ అరబ్బులకు లేదు. రెండక్షరాలు కలిపి ఎలాగో గట్టెక్కుతారు. ఉర్దూకు ‘చే’ ఉంది, ‘పే’ ఉంది, ‘గాఫ్’ ఉంది. అలిఫ్-బే దిద్దిన ఏ పిల్లనడిగినా చెబుతుంది. కోట్ల డాలర్లు కుమ్మరించి వీడియో గేములు తయారుచేసేవాళ్లకు మాత్రం ఈ సంగతి చెప్పేవాళ్లు లేకపోయారు. 2009లో వచ్చిన ‘కాల్ ఆఫ్ డ్యూటీ: మోడరన్ వార్‌ఫేర్ 2’లో కరాచీ బజారు ఒకటుంది. ఆడేవాళ్లు రెండు జట్లుగా చీలి అక్కడ కాల్చుకుంటారు. ఆ బజారులో దుకాణాల మీద బోర్డులు అరబ్బీలో ఉన్నాయి.

తెలియక చేశారని సరిపెట్టుకోవచ్చు. కానీ కథ అక్కడ ఆగలేదు. 2023లో ‘మోడరన్ వార్‌ఫేర్ 3’ వచ్చింది. (2011లోనూ ఇదే పేరుతో ఒకటొచ్చింది. అప్పుడు మామూలు అంకె వేశారు, ఇప్పుడు రోమన్ అంకె వేశారు. పేర్లకు కూడా అంత కరువొచ్చింది.) విడుదలనాడు జట్ల పోరుకిచ్చిన ప్రధాన మ్యాపులు 16. ఆ పదహారూ 2009 నాటి ఆటలోవే. వెలుగునీడలు కొత్తవి, ఊళ్లు పాతవి. వాటిలో ‘అఫ్ఘాన్’ ఉంది, కరాచీ ఉంది. ధర మాత్రం కొత్త ఆట ధరే.

ఒకే ఆటను పేరు మార్చి ఏటా అమ్ముతున్నారా అన్న ప్రశ్న ఆటలాడేవాళ్లలో ఎప్పట్నించో ఉంది. గ్రాఫిక్స్ మారలేదనీ, తుపాకులు పాతవేననీ, డబ్బు దండగయిందనీ వాళ్లు వాపోతారు. అదంతా నిజమే. అయితే ఈ సీక్వెల్ వ్యాపారంలో తుపాకులూ మ్యాపులతో పాటు మళ్లీ మళ్లీ వాడుకునే సరుకు ఇంకొకటుంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఆ సరుకు శత్రువు.

ముందు వ్యాపారం సంగతి చూద్దాం. మొదటి ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ 2003లో వచ్చింది. అది రెండో ప్రపంచ యుద్ధం ఆట. 2005 నుంచి ఏడాది తప్పకుండా ఒకటి వస్తూనే ఉంది. ఒక స్టూడియో ఒక ఆట చేస్తుంటే ఇంకో స్టూడియో తర్వాతిది మొదలుపెడుతుంది. రైతు పంట మార్చి వేసినట్టు కాదు. ఒకే పంటను ముగ్గురు కౌలుదార్లు వంతులవారీగా వేసినట్టు. ఈ సిరీస్ ఉన్న యాక్టివిజన్ బ్లిజార్డ్ కంపెనీని మైక్రోసాఫ్ట్ 2023లో సుమారు 6,900 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. అంత డబ్బు పెట్టినవాడు ‘ఈ ఏడాది ఆగి ఆలోచిద్దాం’ అంటాడా?

మళ్లీ చెప్పడమే నేరమని మేం అనడం లేదు. గజల్లో రదీఫ్ ప్రతి షేర్ చివరా తిరిగి వస్తుంది. అది తిరిగి వచ్చినందుకే ముషాయిరాలో జనం ‘వాహ్’ అంటారు. దాని ముందు వచ్చే కాఫియా మారుతుంది, భావం మారుతుంది, అందుకే పాత మాట కొత్తగా వినిపిస్తుంది. అంతెందుకు, వీడియో గేములు పుట్టకముందే మాకు ఒక పెద్ద సీక్వెల్ ఫ్యాక్టరీ ఉండేది. లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ అచ్చేసిన ‘దాస్తాన్-ఎ-అమీర్ హంజా’ 46 సంపుటాలు. అదే హంజా వంశం, అవే తిలిస్మాలు, అదే అయ్యార్ల మాయోపాయాలు. ఒక తిలిస్మ్ బద్దలైతే ఇంకోటి లేస్తుంది. అందులోనూ శత్రువులు మూసలో పోసినవాళ్లే. పరాయి మతం మాంత్రికులు! ఆ మాట దాచాల్సిన పని లేదు. కానీ హోష్‌రుబా తిలిస్మ్‌ను ఏలే అఫ్రాసియాబ్‌కు రాజసం ఉంది, అహంకారం ఉంది, భయం ఉంది. మాంత్రిక రాణి మహ్‌రుఖ్ అతనికే ఎదురు తిరుగుతుంది. శత్రువు గుడారంలో ఏం జరుగుతోందో కథకుడికి తెలుసు. అది చెప్పకపోతే వినేవాళ్లు లేచిపోతారనీ తెలుసు.

2007 నాటి ‘మోడరన్ వార్‌ఫేర్’లో ఆ గుడారం ఎలా ఉంది? అమెరికా సేన దిగేది పేరులేని ఒక అరబ్బు దేశంలో. పేరే లేదు! కుట్ర చేసి గద్దెనెక్కినవాడు ఖాలిద్ అల్-అసద్. పోనీ అసలు విలన్ అతనైనా అవుతాడా అంటే, ఆ హోదా కూడా దక్కదు. వెనక జఖాయెవ్ అనే రష్యావాడు ఉంటాడు. అల్-అసద్ సగం కథలోనే చస్తాడు. రష్యా విలన్లకు పగ ఉంటుంది, పథకం ఉంటుంది, గతం ఉంటుంది. అరబ్బు సిపాయికి ఉండేది ఒక అరుపు. ఆ నగరం మీద అణుబాంబు పేలుతుంది. మనం ఆడిస్తున్న అమెరికా సైనికుడు కూలిన హెలికాప్టర్ లోంచి పాక్కుంటూ వచ్చి ప్రాణం విడుస్తాడు. ఆటల చరిత్రలో గొప్ప దృశ్యమని దాన్ని పొగిడారు. గొప్ప దృశ్యమే, మేమూ కాదనం. ఆ ఊళ్లో కాపురాలు చేసేవాళ్లు మాత్రం ఆ దృశ్యంలో లేరు.

ఒక్కసారి చూస్తే అది కథ. ఏటేటా ఇరవయ్యేళ్లు చూస్తే అది జ్ఞాపకమై కూర్చుంటుంది. కొత్త మ్యాప్ గీయడానికి ఖర్చవుతుంది. కొత్త మనిషిని ఊహించడానికి అంతకన్నా ఎక్కువ అవుతుంది. గడ్డం, తలపాగా, దుమ్ము రంగు గోడలు, ఒక మినారు గోదాములో రెడీగా ఉన్నాయి. మన సినిమాల్లో హీరో కోసం ప్రాణమిచ్చే టోపీ దోస్తు, బాంబు పెట్టే టోపీ దుష్మన్ ఒకే పెట్టెలోంచి వచ్చినట్టే.

చివరికి క్షమాపణలకు కూడా సీక్వెల్ వచ్చింది. 2009 ఆటలోనే ‘ఫవేలా’ అని బ్రెజిల్ బస్తీ మ్యాప్ ఒకటుంది. అందులో ఒక బాత్రూమ్ గోడకు తగిలించిన పటం ఫ్రేము మీద హదీసు వాక్యం రాసి ఉంది. 2012లో ముస్లిం కుర్రాళ్లు చూసి గోల చేస్తే మ్యాప్ తీసేసి మాఫీ కోరారు. 2021లో ‘వాన్‌గార్డ్’ వచ్చింది. ఈసారి ఖురాన్ పేజీలు నేల మీద పడి ఉన్నాయి. మళ్లీ గోల, మళ్లీ తొలగింపు, మళ్లీ మాఫీ. రెంటికీ మధ్య తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లలో ఆటలు మాత్రం ఒక్క ఏడాదీ ఆగలేదు.

వాళ్లు అసలు ప్రయత్నమే చేయలేదనడం అన్యాయం. 2019లో మళ్లీ ‘మోడరన్ వార్‌ఫేర్’ పేరుతోనే వచ్చిన ఆటలో ఫరా కరీం ఉంది. ఉర్జిక్‌స్తాన్ అనే కల్పిత దేశపు పోరాట నాయకురాలు. ఆమె చిన్నప్పుడు ఒక సైనికుడు ఇంట్లోకి జొరబడితే మనం ఆ పిల్లగానే ఆడాలి, దాక్కోవాలి. ఈ సిరీస్ మొత్తంలో మాకు నచ్చిన ఘట్టాలు నాలుగైదు ఏరితే అందులో ఇదొకటి. కానీ అదే ఆటలో ‘హైవే ఆఫ్ డెత్’ అనే దారి వస్తుంది. పారిపోతున్న జనం మీద బాంబులు వేసింది రష్యా అంటారు. ఆ పేరుతో లోకానికి తెలిసిన దారి కువైట్ నుంచి బస్రా వైపు పోయేది. 1991 ఫిబ్రవరిలో దాని మీద బాంబులు కురిపించింది అమెరికా కూటమి విమానాలు. పేరు అలాగే ఉంచి పాపం మాత్రం పక్కవాడికి బదిలీ చేశారు.

కువైట్ మాకు మ్యాప్ కాదు. కడప, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి పొట్ట చేతబట్టుకుని పోయే చోటు. 1990లో ఇరాక్ సేనలు దిగినప్పుడు లక్షన్నరకు పైగా భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చారు. కఫీల్ దగ్గర జీతం బాకీ, పాస్‌పోర్టు ఎక్కడుందో తెలియదు, చేతిలో ఒక సంచీ. గల్ఫ్ యుద్ధమంటే మా వైపు ఇళ్లలో గుర్తొచ్చేది అదీ. 2024లో ‘బ్లాక్ ఆప్స్ 6’ ఆ యుద్ధం చుట్టూనే కథ అల్లింది. కువైట్‌లో దాని విడుదలకు అనుమతి దొరకలేదు.

మా మొహల్లాల్లో పిల్లలు ఇంత ఖరీదైన ఆటలు కొనలేరు. 2019లో ‘కాల్ ఆఫ్ డ్యూటీ: మొబైల్’ ఫోన్లలోకి ఉచితంగా వచ్చింది. అందులో ‘క్రాష్’, ‘క్రాస్‌ఫైర్’ మ్యాపులున్నాయి. రెండూ 2007 నాటి ఆ పేరులేని దేశపు వీధులే! అప్పటికి పుట్టని పిల్లలు ఇప్పుడవే గోడల వెనక నక్కి కాలుస్తున్నారు. ఆడొద్దని మేం చెప్పం. చేతికి తుపాకీ బరువు తెలిసేలా, వేలు కదిలిన క్షణంలో గురి కుదిరేలా చేయడంలో ఈ సిరీస్‌ను మించింది అరుదు. పిల్లలకు రుచి తెలియదనుకునే పెద్దలే ఆటల మీద చెత్త విమర్శలు రాస్తారు. మా అభ్యంతరం అంత మంచి చేతిపని అంత బద్ధకపు ఊహకు ఊడిగం చేస్తోందనే.

ఇంకోలా చేయొచ్చా? యూబీసాఫ్ట్ వాళ్ల ‘అసాసిన్స్ క్రీడ్’ కూడా అరగదీసిన సిరీసే. 2007లో మొదటిది వచ్చింది. 1191 నాటి జెరూసలేం, దమస్కస్, అక్రా నగరాలు. హీరో పేరు అల్తాయిర్ ఇబ్న్ లా-అహద్, ‘ఎవరి కొడుకూ కానివాడు’. పేరు అరబ్బీ, నోరు తెరిస్తే అమెరికన్ యాస! తర్వాత ఏటా ఒకటి వేసి వేసి, 2014 నాటి ‘యూనిటీ’ లోపాలతో నవ్వులపాలయ్యాక, 2016లో ప్రధాన ఆట లేకుండా ఆగారు. 2017లో ప్రాచీన ఈజిప్టుతో తిరిగొచ్చారు. 2023లో ‘మిరాజ్’. ఇదీ వెనకడుగే. మొదటి ఆట పద్ధతికే పోయారు, చిన్నగా చేశారు. కానీ ఊరు తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్. బైతుల్ హిక్మా ఉంది, కాగితం ఉంది, వైద్యం ఉంది. ఆ కాలపు చరిత్ర చదువుకునే ఏర్పాటు ఆటలోనే ఉంది. అరబ్బీలో వింటూ ఆడొచ్చు. ఆట కొత్తది కాదనీ, పాత వంటకే కొత్త గిన్నె అనీ విమర్శించినవాళ్లున్నారు. అందులో నిజముంది. అయినా ఆ గిన్నె మా వంటింట్లోది. కత్తి పట్టినవాడూ, పుస్తకం రాసేవాడూ, బజారులో బేరమాడేవాడూ ఒకే ఊరి మనుషులు. కాల్చడానికి పెట్టిన బొమ్మలు కారు. పాతదాన్ని తిరగదోడినా ఎంత తేడా వస్తుందో ఈ ఒక్క ఆట చాలు చూపించడానికి.

2025లో ‘బ్లాక్ ఆప్స్ 7’ వచ్చింది, ‘6’ వచ్చిన మరుసటేడే. జనం ముఖం చిట్లించారు. ఆ డిసెంబరులో యాక్టివిజన్ ఒక ప్రకటన చేసింది. ఇకపై ‘మోడరన్ వార్‌ఫేర్’ గానీ ‘బ్లాక్ ఆప్స్’ గానీ వరసగా రెండేళ్లు విడుదల చేయబోమని. సంతోషం. దొరికిన ఆ కాస్త తీరికలో ఉర్దూ చదవగలిగిన మనిషినొకరిని జీతానికి పెట్టుకోవచ్చు. కరాచీలో దొరుకుతారు. వీసా కష్టమైతే హైదరాబాద్‌లో కూడా ఉన్నారు.