కాలు కింద పెట్టకుండా

సికింద్రాబాద్‌లో బండి నేర్పడం నిజంగా వచ్చినవాళ్లు కొత్తవాడికి మొదటిరోజు ఇంజన్ స్టార్ట్ చేయనివ్వరు. న్యూట్రల్‌లో పెట్టి, పక్కన నిలబడి తోయమంటారు. మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కి. తోస్తూనే ముందు బ్రేకును రెండు వేళ్లతో మెల్లగా నొక్కమంటారు. బండి ఎటు వాలుతోందో, ఎంత వాలితే ఇక మన వల్ల కాదో ఆ తోపుడులోనే ఒంటికి తెలిసిపోతుంది. ఆ తర్వాత సెంటర్ స్టాండు వేయించి, తీయించి, మళ్లీ వేయిస్తారు. కుర్రాడికి విసుగొస్తుంది. రానీయండి.

అసలు విద్య ఎడమచేతిలో ఉంది. ఫస్ట్ గేరు వేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, క్లచ్చు కొద్దికొద్దిగా వదలాలి. ఒకచోట ఇంజన్ శబ్దం బరువెక్కుతుంది, బండి ముందుకు లాగుతుంది. అదే హాఫ్ క్లచ్చు. లోపల ప్లేట్లు పూర్తిగా అతుక్కోకుండా ఒరుసుకుంటూ, ఇంజన్ బలంలో కొంతే వెనక చక్రానికి పంపుతున్నాయన్నమాట. మళ్లీ నొక్కు, మళ్లీ వదులు. చదునైన నేల మీద వంద సీసీ బండి రేజ్ ఇవ్వకుండానే నడుస్తుంది. ఆ చోటు చేతికి దొరికేదాకా సెకండ్ గేరు ఊసెత్తనివ్వని ఉస్తాద్‌లు నాకు తెలుసు. వాళ్లంటే నాకు భక్తి. వెనక సీట్లో కూర్చుంటారు, హ్యాండిల్ మీద చెయ్యి వేయరు, అరవరు. బండి ఆగిపోతే ‘మళ్లీ’ అంటారు, అంతే. చట్టం మాటా ఇదే: ఎల్ బోర్డు పెట్టిన మోటార్‌సైకిల్ వెనక కూర్చోదగ్గది లైసెన్సున్న, నేర్పే మనిషి ఒక్కడే.

వేగంగా పోవడం పెద్ద పనితనం కాదు. బండి వేగం అందుకున్నాక తనంతట తానే నిలబడుతుంది. పనితనమంతా మనిషి నడిచే వేగంలో ఉంది. సాయంత్రం ఆరింటికి పాట్నీ సెంటర్ దగ్గర నిలబడి చూడండి. ముందు సిటీ బస్సు, పక్కన ఆటో, మధ్యలో మూరెడు సందు. హాఫ్ క్లచ్చు పట్టి, వెనక బ్రేకును కాలివేళ్లతో ఒత్తి, కాలు కింద పెట్టకుండా పాకించుకుంటూ వచ్చే మనిషి వందమందిలో ఒకడు కనిపిస్తాడు. మిగతా తొంభై తొమ్మిది మంది రెండు కాళ్లూ నేలకీడుస్తూ వస్తారు. కాలేజీల్లో పెట్టే స్లో బైక్ రేసు అందుకే నాకు అన్ని రేసుల కన్నా గొప్పది. ఆఖరున వచ్చినవాడే విజేత, కాలు పెట్టినవాడు అవుట్.

నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు వెళ్లి మౌత్ కా కువా, అంటే మృత్యు బావి, చూసినవాళ్లు గోడ మీద బండి అడ్డంగా తిరగడం చూసి చప్పట్లు కొడతారు. చేతులు వదిలేసి జనం అందించిన నోటు లాక్కోవడం చూసి ఈలలేస్తారు. నేనైతే బండి గోడ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చూడమంటాను. వాలు పలక మీద తిరుగుతూ సరిగ్గా ఎప్పుడు నిలువు గోడ మీదికి తిప్పాలో, దిగేటప్పుడు రేజ్ ఎంత తగ్గించాలో, ఆ లెక్క తప్పితే ప్రాణమే పోతుంది. ఇక దూరాల సంగతికొస్తే, 2015లో డకార్ ర్యాలీ పూర్తిచేసిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్ బెంగళూరు వాడు. మనవాళ్లేం తక్కువ తినలేదు. 2018లో జై భారతి, పియా బహదూర్, ఏఎస్‌డీ శాంతి, శిల్పా బాలకృష్ణన్ హైదరాబాద్ నుంచి బండ్లెక్కి, మయన్మార్ మీదుగా మెకాంగ్ నది దేశాలు చుట్టి దాదాపు 17,000 కిలోమీటర్లు నడిపారు. ఆ జై భారతే తర్వాత మోవో సంస్థ పెట్టి, హ్యాండిల్ ఎన్నడూ పట్టని ఆడవాళ్లకు బండి నేర్పిస్తున్నారు. నా లెక్కలో ఆ 17,000 కిలోమీటర్ల కన్నా ఇదే పెద్ద ఘనత.

మలుపు సంగతి వింతగా ఉంటుంది. కాస్త వేగం మీదున్న బండి ఎడమకు తిరగాలంటే హ్యాండిల్ ఎడమ పిడిని ముందుకు తోయాలి. అంటే చక్రం క్షణంపాటు కుడికి తిరుగుతుంది, బండి ఎడమకు వాలుతుంది. సైకిల్ షాపు నడిపిన విల్బర్ రైట్ ఈ సంగతి పట్టుకుని ఎందరినో అడిగితే, తాము అలా చేస్తున్నామని ఒక్కరికీ తెలియదట. ఒంటికి తెలిసింది బుర్రకు తెలియదు. కొత్తవాడు గుర్తుంచుకోవాల్సింది కళ్ల సంగతి. గుంతను చూస్తే గుంతలోకే పోతావు. పోవాల్సిన చోటు చూడు.

ముందు బ్రేకు జోలికి పోవద్దని మన ఇళ్లలో చెప్పే సలహా అంత ప్రమాదం మరొకటి లేదు. బ్రేకు పడగానే బరువంతా ముందుకొస్తుంది, వెనక టైరు తేలికై జారుతుంది. బండిని ఆపేది ముందు చక్రమే. గబుక్కున లాగకూడదు, నిమ్మకాయ పిండినట్టు ఒత్తు పెంచుకుంటూ పోవాలి. హ్యాండిల్ నిటారుగా ఉండాలి, కింద ఇసుక ఉండకూడదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. మనం ఉలిక్కిపడి బ్రేకు మీద చెయ్యి వేసేలోపే ఆ 11 మీటర్లు అయిపోతాయి.

చరిత్ర అంటారా, 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ వచ్చింది, 1955లో మద్రాసులో బుల్లెట్ తయారీ మొదలైంది, సైన్యం చేతుల మీదుగా ఆ బండి మన వీధుల్లోకి దిగిందని పాత మెకానిక్కులు చెబుతారు. ఆ పాత బుల్లెట్‌కు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఆమీటర్ ముల్లు మధ్యకొచ్చేదాకా కిక్కు మెల్లగా నొక్కి, డీకంప్రెసర్ లాగి, పిస్టన్‌ను ఒక్క ఇసుమంత దాటించి, అప్పుడు తన్నాలి. తప్పు తన్నితే అది తిరిగి తన్నేది. యెజ్డీకైతే కిక్కు రాడ్డే మడతపడి గేరు రాడ్డయ్యేది. బండి మనిషికి మర్యాద నేర్పిన కాలం అది. ఆర్‌ఎక్స్ 100 అభిమానులు నాతో గొడవకొస్తారు, రానీయండి. అది పరుగు నేర్పింది, ఓపిక నేర్పలేదు.

ఇప్పుడేముంది? గేర్లు లేని స్కూటరెక్కి, పిడి తిప్పి, వారంలో ‘నేర్చేసుకున్నా’ అంటున్నారు. ఇంటి అవసరానికి స్కూటర్ మంచిదే. దానితో మొదలుపెట్టినవాడికి మాత్రం రేజ్ తప్ప ఇంకేమీ చేతికి రాదు. అంతకన్నా పాపం లైసెన్సు దందాది. ఎల్‌ఎల్‌ఆర్, అంటే లెర్నర్ లైసెన్సు, తీసుకున్నాక 30 రోజులు ఆగమని చట్టం ఎందుకు చెప్పింది? నేర్చుకోమని. పరీక్షలో ఎనిమిది అంకె గీత మీద కాలు కింద పెట్టకుండా బండి తిప్పమనేది కూడా ఆ ఎడమచేతి విద్య కోసమే. ఆ నెలరోజులు మైదానం ముఖం చూడకుండా ఏజెంటు చేతిలో డబ్బు పెట్టేవాడు తన కొడుక్కి ఏం కొంటున్నాడో ఆలోచించాడా? గేరు బండికి 18 ఏళ్లు నిండాలి. పదో తరగతి పిల్లాడికి తాళం ఇచ్చే తండ్రికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు ఉన్నాయని 2019 సవరణ చెబుతోంది. ఇంటి ముందు అదే పిల్లాడు ముందు చక్రం లేపితే ఫోన్‌లో వీడియో తీసేదీ ఆ తండ్రే.

ఫుట్‌పాత్ మీద గుట్టలుపోసి అమ్మే గుల్ల హెల్మెట్లు చూస్తే నా ఒళ్లు మండుతుంది. ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మడం 2021 జూన్ నుంచి నేరం. అయినా గుర్తు స్టిక్కర్‌గా అతికించి అమ్మేస్తున్నారు. లోపల థర్మోకోల్ గట్టిగా, మందంగా ఉందా, పట్టీ గడ్డం కింద బిగుస్తోందా, తల ఊపితే హెల్మెట్ విడిగా తిరుగుతోందా, ఈ మూడూ చూడకుండా కొనొద్దు. చలానా తప్పించుకోవడానికి కొన్నది తలను కాపాడదు.

కార్పొరేషన్‌కూ, కంటోన్మెంట్ బోర్డుకూ నాదొక విన్నపం. ఇళ్లు లేచి నేర్చుకునే జాగాలు పోయాయి, కొత్తవాళ్లు తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డు మీద బస్సుల మధ్యే తొలి పాఠం చదువుతున్నారు. ఆదివారం పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా ఒక్క మైదానం తెరవండి. నేల మీద ఒక ఎనిమిది, ఒక సరళరేఖ, బ్రేకు పాఠానికి 11 మీటర్ల దూరంలో రెండు గీతలు సున్నంతో గీయించండి. నేర్పడానికి పాత మెకానిక్కులు పిలిస్తే వస్తారు, జీతం కూడా అడగరు. ఉదయం టీ మాత్రం మంచిది పోయించాలి.