పాత తారు, ముదిరిన పాకము

నిజామాబాదు, ఆర్మూరు, మెట్‌పల్లి మీదుగా సాగు 63వ జాతీయ రహదారి ఏర్గట్లకు దూరము కాదు. అట్టి పెద్దబాటనుండి ఊళ్ళలోనికి చీలు రోడ్లకు మరమ్మతు అనగా సాధారణముగా ఒకటే పద్ధతి: పాతదానిపై మరియొక పొర. అట్లు పొరలు పడినకొలది రోడ్డు ఎత్తగును, ఇంటి గడప పల్లమగును, వాననీరు వాకిట చేరును. అడుగు పగుళ్ళు కొన్నాళ్ళకు పైకి పాకును.

కావున పాత పొరను గీకి తీసి కొత్త రోడ్డులో కలుపవలెనను మాట మంచిదే. కాని “పాత తారు కరగించినచో కొత్త తారగును” అను సమర్థన మాత్రము శాస్త్రమునకు నిలువదు. బంగారము కరగిన బంగారమే. తారు అట్టిది కాదు.

వాడుకలో తారు అనుచున్నను, నేడు రోడ్లకు వాడునది ముడిచమురు శుద్ధిలో అడుగున మిగులు బిట్యుమెను. కంకరతో వేడిగా కలుపునప్పుడును, పిమ్మట ఏండ్ల తరబడియు, గాలిలోని ఆమ్లజని దానిని మార్చును. అందలి నూనెల పాలు తగ్గి, ఆస్ఫాల్టీనుల పాలు పెరుగును. చెరకు పండించు సీమ విద్యార్థులకు ముదిరిన బెల్లపు పాకము తెలియును గదా! 100 గ్రాముల బరువుతో, 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, 5 సెకన్లలో కొత్త బిట్యుమెనులోనికి 6, 7 మిల్లీమీటర్లు దిగు సూది, ముదిరినదానిలో అందు సగమైనను దిగకపోవచ్చును. మెత్తని బిట్యుమెనునో తగిన నూనెనో కలిపి మృదువు చేయవచ్చును. జరిగిన రసాయనిక మార్పు మాత్రము వెనుకకు పోదు. పాత ముక్కలను నేరుగా మంటలో వేయుట మరియు చేటు. బాగుగా కాచిన కొత్త కంకరయే వానికి వేడి నందీయవలెను.

అసలు లాభము రాతిలో నున్నది. 7 మీటర్ల వెడల్పు, 40 మిల్లీమీటర్ల మందముగల కిలోమీటరు పొర సుమారు 640 టన్నులు తూగును. బిట్యుమెను నూటికి 5 పాళ్ళనుకొన్న 32 టన్నులే, మిగిలిన 600 టన్నులకు పైబడినది కంకర. కంకర ముదరదు. ఆ మేరకు గుట్టలు మిగులును. పల్లె రోడ్డు లెక్క వేరు: 3.75 మీటర్ల వెడల్పున 20 మిల్లీమీటర్ల పొర గీకిన కిలోమీటరునకు వచ్చునది 75 ఘనపు మీటర్లే. ఇంతకై గీకుడు యంత్రమును రప్పించుటకంటె, పెద్దబాటల గీకుడును పల్లెబాటలకు మళ్ళించుట మేలు.

నియమములు లేవనుట సరికాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లోనే 120వ సంఖ్యతో ఇందుకు నియమావళి వెలువరించినది. పాలెంత కలుపవచ్చునో పరీక్షయే తేల్చవలెను. రెండు మూడు రోడ్ల గీకుడు ఒకే కుప్పలో పడినచో ఒక్క నమూనా చాలదు.