పేరు అడగకపోతే చాలునా?
(ఆన్‌లైన్ సర్వేల్లో అనామకత: ఉద్దానం ఉదాహరణ)

ప్రాజెక్టు పనికోసం గూగుల్ ఫారం తయారుచేసే విద్యార్థులు మొదట్లో తరచుగా ఒక వాక్యం రాస్తారు: "మీ పేరు అడగడం లేదు కాబట్టి మీ వివరాలు ఎవరికీ తెలియవు." మీరు కూడా రాసి ఉండవచ్చు. ఈ వాక్యంలోని "కాబట్టి" ఎంతవరకు నిలుస్తుందో పరిశీలిద్దాం.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానాన్ని తీసుకోండి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధికి అసలు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. అందువల్ల అక్కడ ఎన్నో సర్వేలు జరిగాయి. మీరూ ఒక ఫారంలో ఊరు, వయసు, లింగం, వృత్తి, డయాలసిస్ ఎన్నాళ్లుగా అని అడిగారనుకుందాం. ఒక చిన్న ఊరు, 43 ఏళ్ల స్త్రీ, జీడిపిక్కల పరిశ్రమలో కూలి, రెండేళ్లుగా డయాలసిస్. పేరు లేదు. అయినా ఆ ఊరివాళ్లు చదివితే "ఫలానా వారి కోడలు" అని ఇట్టే చెప్పగలరు.

లటాన్యా స్వీనీ 2000లో వెలువరించిన అధ్యయనం ప్రకారం పుట్టినతేదీ, లింగం, ఐదంకెల తపాలా కోడు కలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించే అవకాశం ఉంది. మన పల్లెలో పుట్టినతేదీ కూడా అక్కరలేదు.

గుర్తుపడితే నష్టమేమిటి? ఉద్దానం యువతకు పెళ్లి సంబంధాలు కుదరడం కష్టమవుతోందని పత్రికల్లో వార్తలు వచ్చాయి. ఒకరి జబ్బు బయటపడితే ఆ భారం ఇంటిల్లిపాదీ మోయాలి. ఆ భయమున్నవారు జవాబివ్వరు, లేదా దాచి చెబుతారు. అప్పుడు మీ దత్తాంశమే తప్పుతుంది.

ఇక సాధనం సంగతి. గూగుల్ ఫారం ప్రతి జవాబు పక్కన తేదీ, సమయం నమోదు చేస్తుంది. మీరు లింకును వాట్సాప్‌లో ఒక్కొక్కరికే పంపి, వారు "నింపేశాను" అని తిరిగి రాస్తే, ఆ వరుస ఎవరిదో సమయాన్నిబట్టి మీకు తెలిసిపోతుంది. స్మార్ట్‌ఫోను లేని పెద్దవారి తరఫున మనవడో, ఆశా కార్యకర్తో నింపితే, జవాబు మీకు చేరకముందే మూడో మనిషికి తెలుస్తుంది.

అయితే ఊరు అడగడం మానేద్దామా? అదీ సరికాదు. నీరు, నేల, పని పరిస్థితులు ఊరూరికీ మారవచ్చు. ఊరు తీసేస్తే సర్వే ప్రయోజనమే పోవచ్చు. ఇక్కడ రెండు భావనలను వేరుచేసి చూడాలి. జవాబు ఎవరిదో పరిశోధకునికి కూడా తెలియకపోవడం అనామకత. తెలిసినా బయటపెట్టకపోవడం గోప్యత. ఉద్దానం వంటి చోట మీరు నిలబెట్టుకోగలిగేది చాలావరకు రెండవదే. మొదటిదాన్ని వాగ్దానం చేస్తే అది అబద్ధమవుతుంది.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. అదే సంవత్సరం ఐ.సి.ఎం.ఆర్. ప్రచురించిన జాతీయ నైతిక మార్గదర్శకాలు కూడా పాల్గొన్నవారి గోప్యతను కాపాడాలని చెబుతాయి. ఆచరణలో మీరు చేయవలసినవి ఇవి: కచ్చితమైన వయసు బదులు వయోవర్గం అడగండి. ఊరి పేర్లను వేరే ఫైలులో భద్రపరచి, నివేదికలో మండలం మాత్రమే చూపండి. పట్టికలోని ఒక గడిలో ఐదుగురికన్నా తక్కువమంది ఉంటే దాన్ని పక్క గడితో కలపండి. దత్తాంశాన్ని ఎవరికైనా ఇచ్చేముందు సమయం వరుసను తొలగించండి.

చివరగా, మొదటి వాక్యాన్ని ఇలా మార్చండి: "మీ పేరు అడగడం లేదు. అయినా జవాబులనుబట్టి మిమ్మల్ని గుర్తుపట్టే అవకాశం కొంత ఉంది. వాటిని నేను, నా గైడు తప్ప మరెవరికీ చూపం. నివేదికలో మీ ఊరి పేరు రాయను. ఇష్టంలేని ప్రశ్నను వదిలేయవచ్చు." ఇది చదివి కొందరు తప్పుకోవచ్చు. తప్పుకునే హక్కు వారిది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ సొంత ఊరిలో ఒక వ్యక్తిని గుర్తుపట్టడానికి పేరు కాకుండా ఎన్ని వివరాలు చాలు? వాటిలో మీ ప్రశ్నావళి ఎన్నింటిని అడుగుతోంది?